రెండు లేటెంట్ వేరియబుల్స్‌ను గుణించాల్సి వచ్చినప్పుడు: ఎస్‌ఈఎంలో మోడరేషన్‌ను ఎలా పరీక్షించాలి

పనిభారం పెరిగితే అలసట పెరుగుతుందని ఎవరైనా ఒప్పుకుంటారు. కానీ పైవాళ్ళ మద్దతు గట్టిగా ఉన్నచోట అదే పనిభారం మనిషిని అంతగా కుంగదీయదని మీ వాదన అనుకుందాం. అంటే మద్దతు అలసటను తగ్గించడంతో ఆగడం లేదు, పనిభారానికీ అలసటకీ మధ్య ఉన్న సంబంధాన్నే మారుస్తోంది. మోడరేషన్ అంటే ఇదే. ఈ మూడూ నేరుగా కొలవగలిగేవి కావు. ఒక్కోదానికి మూడేసి ప్రశ్నలు అడిగి, జవాబుల వెనకున్న లేటెంట్ వేరియబుల్‌ను ఊహించుకుంటాం. అలాంటి రెండింటి మధ్య గుణకారాన్ని స్ట్రక్చరల్ ఈక్వేషన్ మోడల్‌లో (ఎస్‌ఈఎం) ఎలా పెట్టాలో ఇక్కడ వరసగా చెబుతాను. లోడింగ్ అంటే ఏమిటో, మామూలు ఎస్‌ఈఎం ఎలా నడుస్తుందో మీకు తెలుసనుకునే రాస్తున్నాను.

ఉదాహరణ మొత్తం ఒకటే వాడతాను. పనిభారం ప్రశ్నలు ప1, ప2, ప3. మద్దతు ప్రశ్నలు మ1, మ2, మ3. అలసట ప్రశ్నలు అ1, అ2, అ3. మనం రాయాల్సిన సమీకరణం ఇది:

అలసట = బీ1 × పనిభారం + బీ2 × మద్దతు + బీ3 × (పనిభారం × మద్దతు) + మిగులు

మన ప్రశ్నకు జవాబు బీ3లో ఉంది. తక్కిన రెండు గుణకాలూ దానికి తోడుగా ఉండి తీరాలి. బీ3 సార్థకంగా (యాదృచ్ఛికం అనుకోలేనంతగా) వచ్చిందని బీ1ను గానీ బీ2ను గానీ మోడల్‌లోంచి తీసేయకండి.

సగటు తీసి గుణిస్తే ఏమవుతుంది

చాలామంది చేసే పని ఇది: ప1, ప2, ప3ల సగటు తీస్తారు, మద్దతుకూ అలాగే తీస్తారు, రెండు సగటులనూ గుణించి రిగ్రెషన్‌లో వేస్తారు. నేనూ మొదట్లో అదే చేశాను. లెక్క సులువుగా తెగుతుంది, కానీ కొలతలో ఉన్న దోషం కూడా గుణకారంలోకి వచ్చేస్తుంది.

పనిభారం సగటు విశ్వసనీయత (కొలతలో దోషం కాని వాటా) 0.80, మద్దతుదీ 0.80 అనుకోండి. రెండూ మంచివే. వాటి మధ్య సహసంబంధం లేకపోతే లబ్ధం విశ్వసనీయత 0.80 × 0.80, అంటే 0.64. సహసంబంధం 0.30 ఉంటే కాస్త మెరుగుపడి 0.67 దాకా వస్తుంది. అసలు కొలతలే 0.70 దగ్గర ఉంటే లబ్ధం 0.49కి పడిపోతుంది. అంటే మీరు పరీక్షిస్తున్న దానిలో సగానికి పైగా దోషమే. నిజంగా -0.15 ఉన్న ప్రభావం, 0.64 విశ్వసనీయతతో సుమారు -0.10గా కనిపిస్తుంది. మోడరేషన్ ప్రభావాలు సహజంగానే చిన్నవి. వాటిలో మూడో వంతు ఇలా పోగొట్టుకోవడం నాకైతే మింగుడుపడదు. లేటెంట్ వేరియబుల్స్ మధ్యే గుణకారం పెట్టడానికి ఇంత శ్రమ పడేది ఆ మూడో వంతును దక్కించుకోవడానికే.

ఇంకో అలవాటు ఉంది. మద్దతు స్కోరును మధ్యగతం దగ్గర రెండుగా కోసి, 'ఎక్కువ మద్దతు', 'తక్కువ మద్దతు' అని గ్రూపులు చేసి పోల్చడం. మధ్యగతానికి అటూ ఇటూ ఒక్క పాయింటు తేడాతో ఉన్న ఇద్దరిని వేరువేరు గ్రూపుల్లో వేసి, చివరల్లో ఉన్నవాళ్ళను మధ్యలో ఉన్నవాళ్ళతో కలిపేస్తున్నారు. సమాచారాన్ని చేజేతులా పారేయడమే ఇది. నిరంతర కొలతను నిరంతరంగానే ఉంచండి.

ఫ్యాక్టర్ స్కోర్లు తీసి గుణించినా సమస్య పూర్తిగా పోదు. ఫ్యాక్టర్ స్కోరు లేటెంట్ వేరియబుల్‌కు ఒక అంచనా మాత్రమే, దానిలోనూ దోషం ఉంటుంది.

డేటా సేకరించకముందే ఆలోచించాల్సినవి

శాంపిల్ ఎంత కావాలన్నది మోడరేషన్ విషయంలో మామూలు కంటే చాలా పెద్ద ప్రశ్న. ఆగినిస్, ఆయన సహ పరిశోధకులు 2005లో ముప్పై ఏళ్ళ పరిశోధనలను తిరగేసినప్పుడు, వర్గాల రూపంలో ఉన్న మోడరేటర్లలో ఎఫ్ స్క్వేర్ అనే ప్రభావ పరిమాణం మధ్యగతం 0.002 అని తేలింది. 0.02ను 'చిన్న' ప్రభావం అంటున్నాం, ఇది దానిలో పదో వంతు. కొలత దోషం అసలే లేని రిగ్రెషన్‌లో 80 శాతం పవర్‌తో (నిజంగా ఉన్న ప్రభావాన్ని పట్టే అవకాశంతో) 0.02ను పట్టడానికి సుమారు 395 మంది కావాలి. 0.01కి సుమారు 785 మంది. కొలత దోషం తోడైతే ఇంకా ఎక్కువ. 150 మందితో బీ3 సార్థకం కాలేదంటే మోడరేషన్ లేదని కాదు, మీ దగ్గర దాన్ని చూసేంత వెలుతురు లేదని అర్థం.

లేటెంట్ మోడల్‌కు ఈ లెక్క కట్టడానికి నమ్మకమైన దారి సిమ్యులేషన్. మీరు ఊహించే లోడింగులు, సహసంబంధాలు, బీ3 విలువ పెట్టి వెయ్యి కృత్రిమ డేటాసెట్లు తయారుచేయండి. ప్రతిదానిలో మోడల్ నడిపి, ఎన్నిసార్లు బీ3 సార్థకంగా వచ్చిందో లెక్కపెట్టండి. ఎమ్‌ప్లస్ సాఫ్ట్‌వేర్‌లో దీనికి మాంటే కార్లో సదుపాయం ఉంది, ఆర్ భాషలో చిన్న లూప్‌తో అయిపోతుంది. ఒక సాయంత్రం పట్టే పని, తరవాత ఏడాది టెన్షన్ తప్పుతుంది.

మోడరేటర్ ఎవరన్నది కూడా ముందే రాసిపెట్టుకోండి. సమీకరణానికి ఆ తేడా తెలియదు. పనిభారం × మద్దతు అన్నా, మద్దతు × పనిభారం అన్నా బీ3 ఒకటే. మద్దతు పనిభారం ప్రభావాన్ని మారుస్తుందా, పనిభారం మద్దతు ప్రభావాన్ని మారుస్తుందా అన్నది సిద్ధాంతం చెప్పాలి. డేటా చూశాక కథ అల్లుకోకూడదు.

మోడరేటర్ వర్గాల రూపంలో ఉంటే గుణకారం అక్కర్లేదు

శిక్షణ తీసుకున్నవాళ్ళు, తీసుకోనివాళ్ళు. పగటి షిఫ్ట్, రాత్రి షిఫ్ట్. ఇలా మోడరేటర్ సహజంగానే గ్రూపులుగా ఉంటే మల్టీగ్రూప్ ఎస్‌ఈఎం చాలు. ముందు రెండు గ్రూపుల్లో ఒకే ఫ్యాక్టర్ నిర్మాణం నిలుస్తుందో లేదో చూడండి. తరవాత లోడింగులను సమానం చేయండి. ఫిట్ పెద్దగా దెబ్బతినకపోతే ప్రభావాలను పోల్చే హక్కు మీకు వచ్చినట్టే. సీఎఫ్‌ఐ అనే ఫిట్ సూచిక 0.01 కంటే ఎక్కువ పడకూడదన్న కొలమానాన్ని ఎక్కువమంది వాడుతున్నారు. ఇంటర్‌సెప్ట్‌ల సమానత్వం సగటులను పోల్చడానికి కావాలి, వాలులను (ఒకటి పెరిగితే ఇంకోటి ఎంత మారుతుందో చెప్పే గుణకాలను) పోల్చడానికి లోడింగుల సమానత్వం సరిపోతుంది. ఆ పైన పనిభారం నుంచి అలసటకు వెళ్ళే దారిని ఒకసారి స్వేచ్ఛగా, ఒకసారి సమానంగా ఉంచి, కై స్క్వేర్ తేడా చూడండి. పోల్చేది స్టాండర్డైజ్ చేయని గుణకాలనే.

ఇక్కడొక పొరపాటు పదేపదే కనిపిస్తుంది. ఒక గ్రూపులో గుణకం 0.40, ప్రామాణిక దోషం 0.10, రెండో గ్రూపులో 0.20, దోషం 0.12 అనుకోండి. మొదటిది సార్థకం, రెండోది కాదు, కాబట్టి మోడరేషన్ ఉంది అని రాసేస్తారు. తేడా 0.20, దాని ప్రామాణిక దోషం 0.156. నిష్పత్తి 1.28 మాత్రమే. ఆ తేడా సార్థకం కాదు. ఎప్పుడైనా పరీక్షించాల్సింది తేడానే.

ఇక మోడరేటర్ కూడా లేటెంట్ అయినప్పుడు ఏం చేయాలో చూద్దాం.

మొదటి అడుగు: కొలత మోడల్

గుణకారం ఊసెత్తకుండా మూడు ఫ్యాక్టర్లతో కన్ఫర్మేటరీ ఫ్యాక్టర్ అనాలిసిస్ నడపండి. లోడింగులు, ఫిట్ సూచికలు, ఫ్యాక్టర్ల మధ్య సహసంబంధాలు చూడండి. ఇక్కడ ఫిట్ బాగోకపోతే ముందుకు వెళ్ళకండి. ఒక బలహీనమైన ప్రశ్న మామూలు మోడల్‌లో చేసే నష్టం కంటే లబ్ధంలో చేసే నష్టం ఎక్కువ.

పనిభారానికీ మద్దతుకీ మధ్య సహసంబంధాన్ని ప్రత్యేకంగా రాసిపెట్టుకోండి. ఇది తరవాత మూడుచోట్ల అవసరపడుతుంది.

రెండో అడుగు: లబ్ధం లేని మోడల్

పనిభారం, మద్దతు రెండూ అలసటను ప్రభావితం చేసే మామూలు స్ట్రక్చరల్ మోడల్ నడపండి. ఫిట్ సూచికలను, లాగ్ లైక్లీహుడ్ విలువను (మోడల్ డేటాకు ఎంత సరిపోయిందో చెప్పే సంఖ్య), అది ఎన్ని పరామితులతో వచ్చిందో దాచుకోండి. రేపు లబ్ధం చేర్చాక పోల్చడానికి ఇదే ఆధారం.

మూడో అడుగు: దారి ఎంచుకోవడం

లేటెంట్ లబ్ధానికి నేరుగా ప్రశ్నలు లేవు. 'పనిభారం × మద్దతు' ఎంత ఉందని ఎవరినీ అడగలేదు కదా. దీన్ని దాటడానికి రెండు ప్రధాన దారులు ఉన్నాయి.

ఒకటి, ప్రశ్నలనే గుణించి లబ్ధానికి ఇండికేటర్లు తయారుచేయడం. 1984లో కెన్నీ, జడ్ ఈ దారి వేశారు. లబ్ధం లోడింగు అంటే అసలు లోడింగుల లబ్ధమే కావాలి వంటి కష్టమైన షరతులు అందులో చాలా ఉండేవి, చేత్తో రాస్తే తప్పు పడకుండా పూర్తిచేయడం గగనం. 2004లో మార్ష్, వెన్, హౌ ఆ షరతులు చాలావరకు తీసేసినా పద్ధతి బాగా పనిచేస్తుందని చూపించారు. ఇప్పుడు మనం వాడేది ఆ అన్‌కన్‌స్ట్రెయిన్డ్ పద్ధతే.

రెండోది, ఇండికేటర్లను గుణించకుండా లేటెంట్ స్థాయిలోనే లబ్ధాన్ని లెక్కలోకి తీసుకోవడం. 2000లో క్లైన్, మూస్‌బ్రుగ్గర్ ప్రతిపాదించిన ఎల్‌ఎంఎస్ (లేటెంట్ మోడరేటెడ్ స్ట్రక్చరల్ ఈక్వేషన్స్) పద్ధతి ఇది. పనిభారం, మద్దతు నార్మల్‌గా ఉన్నా వాటి లబ్ధం నార్మల్‌గా ఉండదు, అందుకే అలసట కూడా నార్మల్ కాదు. ఎల్‌ఎంఎస్ ఆ ఆకారాన్ని కొన్ని నార్మల్ పంపిణీల మిశ్రమంగా పట్టుకుంటుంది.

ఏది వాడాలి? నా అభిప్రాయం చెబుతాను. పనిభారం, మద్దతు ప్రశ్నల జవాబులు నార్మల్‌కు దగ్గరగా ఉండి, ఎమ్‌ప్లస్ గానీ ఆర్‌లోని మోడ్‌సెమ్ ప్యాకేజీ గానీ మీ చేతిలో ఉంటే ఎల్‌ఎంఎస్ వాడండి, దానికి పవర్ ఎక్కువ. జవాబులు ఒకవైపుకు బాగా ఒరిగి ఉంటే అన్‌కన్‌స్ట్రెయిన్డ్ పద్ధతి క్షేమం, ఎందుకంటే అది నార్మల్ ఊహ మీద అంతగా ఆధారపడదు. నేనైతే రెండూ నడుపుతాను. బీ3 రెండింటిలో దగ్గరగా వస్తే నిశ్చింత. దూరంగా వస్తే డేటాలో ఏదో మీ దృష్టికి రావాల్సింది ఉందని అర్థం.

పీఎల్‌ఎస్ (పార్షియల్ లీస్ట్ స్క్వేర్స్) వాడేవాళ్ళకు ఒక్క మాట: అక్కడి లబ్ధం స్కోర్ల లబ్ధం. బటన్ నొక్కితే జవాబు వస్తుంది గానీ, పైన చెప్పిన కొలత దోషం సరిదిద్దబడదు.

నాలుగో అడుగు, మొదటి దారి: ఇండికేటర్లను గుణించడం

ప్రతి ప్రశ్నలోంచి దాని సగటును తీసేయండి (కేంద్రీకరించడం, సెంటరింగ్ అంటే ఇదే). ఆ తరవాతే గుణించండి. ఇలా చేస్తే బీ3 మారదు, దాని ప్రామాణిక దోషమూ మారదు. చాలామంది ఇది ఏదో వ్యాధికి మందు అనుకుంటారు. నిజానికి మారేది బీ1, బీ2ల అర్థం. కేంద్రీకరించాక బీ1 అంటే సగటు మద్దతు ఉన్నవాళ్ళలో పనిభారం ప్రభావం. కేంద్రీకరించకపోతే మద్దతు సున్నా ఉన్నవాళ్ళలో ప్రభావం అవుతుంది, ఒకటి నుంచి ఐదు స్కేలులో సున్నా మద్దతు ఉన్నవాళ్ళు ఎవరూ ఉండరు.

ఇప్పుడు జతలు. మూడు ప్రశ్నలు, మూడు ప్రశ్నలు అంటే మొత్తం తొమ్మిది లబ్ధాలు సాధ్యం. కానీ ప1×మ1, ప1×మ2 రెండింటిలోనూ ప1 దోషం ఉంది, కాబట్టి వాటి మిగుళ్ళ మధ్య కోవేరియెన్స్ తెరవాలి. తొమ్మిదింటికీ కలిపి అలాంటివి 18 వస్తాయి. దీనికన్నా ప్రతి ప్రశ్ననూ ఒక్కసారే వాడి మూడు జతలు కట్టడం మేలు: పనిభారంలో అత్యధిక లోడింగు ఉన్న ప్రశ్నను మద్దతులో అత్యధిక లోడింగు ఉన్నదానితో, తరవాతిదాన్ని తరవాతిదానితో. ఇలా కడితే ఏ రెండు లబ్ధాలకూ ఉమ్మడి ప్రశ్న ఉండదు, మిగుళ్ళ కోవేరియెన్స్‌లు తెరవాల్సిన పనీ ఉండదు. ఒకవైపు నాలుగు, ఇంకోవైపు మూడు ప్రశ్నలు ఉంటే, నాలుగింటిలో బలహీనమైన రెండింటిని సగటు చేసి ఒకటిగా కలపొచ్చు. లబ్ధం కోసమే అలా కలపండి, పనిభారం ఫ్యాక్టర్‌కు మాత్రం నాలుగు ప్రశ్నలూ ఉంచండి.

గుణించిన తరవాత ఇంకో చిన్న పని ఉంది. పనిభారం, మద్దతు సగటులు సున్నా అయినా వాటి లబ్ధం సగటు సున్నా కాదు, వాటి కోవేరియెన్స్‌కు సమానం. దీన్ని పట్టించుకోకపోతే మోడల్ తప్పుతుంది. పాత పద్ధతిలో సగటుల నిర్మాణం రాసి ఈ షరతు పెట్టేవారు. 2010లో లిన్, ఆయన సహ రచయితలు చూపించిన సులువైన మార్గం లబ్ధాల్లోంచి కూడా సగటు తీసేయడం. దీన్నే డబుల్ మీన్ సెంటరింగ్ అంటారు. ఆర్‌లో సెమ్‌టూల్స్ ప్యాకేజీలోని ఇండ్‌ప్రాడ్ ఫంక్షన్‌కు రెండు వైపుల ప్రశ్నల పేర్లు ఇస్తే కేంద్రీకరించడం, జతకట్టడం, మళ్ళీ కేంద్రీకరించడం మూడూ డిఫాల్ట్‌గానే చేసిపెడుతుంది. ఒక్కటి గుర్తుంచుకోండి: అది మీరు పేర్లు ఇచ్చిన వరుసలోనే జతకడుతుంది. లోడింగుల క్రమంలో ఇవ్వడం మీ బాధ్యత.

రెసిడ్యువల్ సెంటరింగ్ అని ఇంకో పద్ధతి ఉంది, 2006లో లిటిల్, బోవైర్డ్, విడమన్ చెప్పింది. ప్రతి లబ్ధాన్నీ మొదటి స్థాయి ప్రశ్నలన్నిటి మీద రిగ్రెస్ చేసి మిగులును వాడతారు. లబ్ధం చేర్చినా బీ1, బీ2 కదలకపోవడం దీని సుగుణం. జవాబులు నార్మల్ కానప్పుడు మాత్రం నేను డబుల్ మీన్ సెంటరింగ్‌నే నమ్ముతాను.

ఇక మోడల్ రాయండి. పనిభారం అనే ఫ్యాక్టర్‌కు ప1, ప2, ప3. మద్దతుకు మ1, మ2, మ3. లబ్ధం అనే నాలుగో ఫ్యాక్టర్‌కు మూడు జతలు. అలసటకు అ1, అ2, అ3. పనిభారం, మద్దతు, లబ్ధం మూడూ అలసటను ప్రభావితం చేస్తాయి. డబుల్ మీన్ సెంటరింగ్ చేసినప్పుడు ఆ మూడింటి మధ్య కోవేరియెన్స్‌లను స్వేచ్ఛగా వదలండి. ఆర్‌లో ఎస్‌ఈఎం నడిపే లావాన్ ప్యాకేజీలో ఇది మామూలు నాలుగు ఫ్యాక్టర్ల మోడలే, కొత్త సింటాక్స్ ఏమీ నేర్చుకోనక్కర్లేదు.

అంచనా పద్ధతిగా మామూలు మాక్సిమమ్ లైక్లీహుడ్ బదులు ఎమ్‌ఎల్‌ఆర్ (దాని రోబస్ట్ రూపం) పెట్టండి, లేదా బూట్‌స్ట్రాప్ చేయండి. లబ్ధం ఇండికేటర్లు నార్మల్ కావు, అందువల్ల మామూలు ప్రామాణిక దోషాలు అవసరమైనదానికన్నా చిన్నగా వచ్చే ప్రమాదం ఉంది.

నాలుగో అడుగు, రెండో దారి: ఎల్‌ఎంఎస్

ఎమ్‌ప్లస్‌లో అనాలిసిస్ రకాన్ని ర్యాండమ్‌గా, అల్గారిథమ్‌ను ఇంటిగ్రేషన్‌గా పెట్టి, మోడల్ భాగంలో ఎక్స్‌విత్ అనే పదంతో పనిభారాన్నీ మద్దతునూ కలిపి కొత్త వేరియబుల్‌కు పేరు పెట్టండి. దాన్ని అలసటకు కారకంగా చేర్చండి. అంతే. ఇండికేటర్ల లబ్ధాలు, జతలు, రెండోసారి కేంద్రీకరణ ఏవీ ఉండవు. జవాబులు అక్కడక్కడ ఖాళీగా ఉన్నా ఇబ్బంది లేదు, ఉన్న సమాచారాన్నే వాడుకుంటుంది. మొదటి దారిలో అలా కాదు, ప1 ఖాళీ ఉంటే దానితో కట్టిన లబ్ధమూ ఖాళీయే.

మోడ్‌సెమ్‌లో అయితే లావాన్ తరహాలోనే రాసి, పద్ధతి దగ్గర ఎల్‌ఎంఎస్ అని ఇస్తే చాలు. దానిలోనే డబుల్ మీన్ సెంటరింగ్ పద్ధతి కూడా ఉంది, కాబట్టి రెండు దారులనూ ఒకేచోట పోల్చుకోవచ్చు.

ఎల్‌ఎంఎస్ నడిపాక కొత్తవాళ్ళు కంగారుపడే సంగతి ఒకటుంది. ఎమ్‌ప్లస్ ఫలితాల్లో సీఎఫ్‌ఐ, ఆర్‌ఎంఎస్‌ఈఏ, కై స్క్వేర్ ఏవీ ఉండవు. మీరేమీ తప్పు చేయలేదు. ఆ సూచికలు కోవేరియెన్స్ మ్యాట్రిక్స్‌ను పోల్చి తీసేవి, ఈ పద్ధతి అంతకుమించిన సమాచారం వాడుతుంది. అందుకే రెండో అడుగులో దాచుకున్న మోడల్ కావాలి. దాని ఫిట్ బాగుందని ముందు చూపండి. తరవాత లబ్ధం చేర్చడం వల్ల లాగ్ లైక్లీహుడ్ ఎంత మెరుగుపడిందో చూపండి. ఉదాహరణకు లబ్ధం లేనప్పుడు -6120.4, చేర్చాక -6116.1 అనుకుందాం. తేడా 4.3, రెండుతో గుణిస్తే 8.6. పెరిగింది ఒక్క పరామితి. ఒక డిగ్రీ ఆఫ్ ఫ్రీడమ్‌కు 0.05 స్థాయిలో హద్దు 3.84. దాన్ని దాటింది కాబట్టి లబ్ధం మోడల్‌కు నిజంగా తోడ్పడుతోంది. ఎమ్‌ఎల్‌ఆర్ వాడి ఉంటే ఈ తేడాను నేరుగా తీసుకోకూడదు, ఫలితాల్లో ఇచ్చే స్కేలింగ్ కరెక్షన్ సంఖ్యతో సరిచేయాలి.

మోడల్ కన్వర్జ్ కాకపోతే (లెక్క ఒక జవాబు దగ్గర స్థిరపడకపోతే) లబ్ధం లేని మోడల్ అంచనాలను స్టార్టింగ్ వాల్యూస్‌గా ఇవ్వండి. చాలాసార్లు అంతటితో దారికొస్తుంది.

ఐదో అడుగు: బీ3 అంటే ఏమిటో తెలుసుకోవడం

నాకు బాగా ఇష్టమైన భాగం ఇదే, ఎక్కువమంది హడావుడిగా దాటేసేదీ ఇదే. బీ1 0.40, బీ2 -0.25, బీ3 -0.15 వచ్చాయనుకుందాం. పనిభారం, మద్దతు ఫ్యాక్టర్ల వేరియెన్స్‌లు ఒకటిగా స్థిరపరిచాం. పనిభారం ప్రభావం ఇప్పుడు ఒక్క సంఖ్య కాదు, మద్దతును బట్టి మారే గీత:

పనిభారం వాలు = 0.40 - 0.15 × మద్దతు

మద్దతు సగటు కంటే ఒక ప్రామాణిక విచలనం తక్కువ ఉన్నవాళ్ళలో వాలు 0.55. సగటు దగ్గర 0.40. ఒకటి ఎక్కువ ఉన్నచోట 0.25. రెండు ఎక్కువ ఉన్నచోట 0.10.

ప్రతి వాలుకూ దాని ప్రామాణిక దోషం వేరు. వాలు వేరియెన్స్ ఇలా వస్తుంది: బీ1 వేరియెన్స్, దానికి మద్దతు విలువ స్క్వేర్ × బీ3 వేరియెన్స్ కలపాలి, ఆపైన రెండు × మద్దతు విలువ × బీ1, బీ3ల కోవేరియెన్స్ కలపాలి. ఆ చివరి ముక్కను వదిలేసేవాళ్ళే ఎక్కువ. బీ1 ప్రామాణిక దోషం 0.05, బీ3ది 0.06, వాటి కోవేరియెన్స్ 0.0002 అనుకుంటే, మద్దతు +1 దగ్గర వేరియెన్స్ 0.0025 + 0.0036 + 0.0004, అంటే 0.0065. ప్రామాణిక దోషం 0.081. వాలు 0.25ను దానితో భాగిస్తే 3.1, సార్థకమే. +2 దగ్గర దోషం 0.133, నిష్పత్తి 0.75. అక్కడ పనిభారం ప్రభావం ఉందని చెప్పలేం. లావాన్‌లో ఈ వాలులను మోడల్‌లోనే కొత్త పరామితులుగా నిర్వచిస్తే ప్రామాణిక దోషాలు అదే లెక్కగడుతుంది. ఎమ్‌ప్లస్‌లో మోడల్ కన్‌స్ట్రెయింట్ భాగంలో రాయాలి.

మరి సార్థకత ఎక్కడ ఆగిపోతుంది? +1కీ +2కీ మధ్య ఎక్కడో. ఆ బిందువును కచ్చితంగా కనుక్కునే పద్ధతిని జాన్సన్, నేమన్ 1936లోనే ఇచ్చారు. పై సంఖ్యలతో అది సుమారు 1.37 దగ్గర వస్తుంది. మద్దతు నార్మల్‌గా ఉంటే అంతకు పైన ఉండేది వందలో ఎనిమిది, తొమ్మిది మందే. అంటే మద్దతు చాలా ఎక్కువ ఉన్న కొద్దిమందిలో తప్ప మిగతా అందరిలోనూ పనిభారం అలసటను పెంచుతూనే ఉంది, పెంచే వేగం మారుతోంది. 'మద్దతు ఉంటే పనిభారం హాని చేయదు' అని రాయడం, 'మద్దతు ఉంటే హాని తగ్గుతుంది' అని రాయడం ఒకటి కాదు. ఈ డేటా రెండోదాన్నే చెబుతోంది.

బొమ్మ గీయండి. అడ్డంగా మద్దతు, నిలువుగా పనిభారం వాలు, చుట్టూ కాన్ఫిడెన్స్ బ్యాండ్. రెండు గీతలు ఒకదాన్నొకటి దాటే మామూలు బొమ్మ కన్నా ఇది ఎక్కువ చెబుతుంది. మీ డేటాలో లేని విలువల దాకా గీతను లాగకండి.

స్టాండర్డైజ్ చేసిన బీ3 ఇవ్వాలనుకుంటే ఒక జాగ్రత్త. మొదటి దారిలో సాఫ్ట్‌వేర్ లబ్ధాన్ని నాలుగో ఫ్యాక్టర్‌గా చూసి, దాని సొంత ప్రామాణిక విచలనంతో స్టాండర్డైజ్ చేస్తుంది. మనకు కావాల్సింది బీ3 × పనిభారం విచలనం × మద్దతు విచలనం ÷ అలసట విచలనం. సహసంబంధం 0.50 ఉంటే, నార్మల్ పంపిణీలో లబ్ధం విచలనం 1.12 అవుతుంది, అంటే సాఫ్ట్‌వేర్ సంఖ్య 12 శాతం పెద్దగా కనిపిస్తుంది. చేత్తో లెక్కకట్టండి.

ఆరో అడుగు: ఇది నిజంగా మోడరేషనేనా?

పనిభారం ప్రభావం వక్రరేఖ అయి ఉండొచ్చు. కొంతవరకు ఫర్వాలేదు, ఆ తరవాత అలసట వేగంగా పెరుగుతుంది అనుకుందాం. పనిభారానికీ మద్దతుకీ సహసంబంధం గట్టిగా ఉంటే ఆ వక్రత బీ3లోకి జొరబడి మోడరేషన్‌లా కనిపిస్తుంది. నార్మల్ పంపిణీలో సహసంబంధం 0.60 అయితే, పనిభారం స్క్వేర్‌కీ పనిభారం × మద్దతు లబ్ధానికీ మధ్య సహసంబంధం 0.73. ఒకదాని స్థానంలో ఇంకోటి సులువుగా దూరిపోతుంది. అందుకే పనిభారం × పనిభారం, మద్దతు × మద్దతు కూడా చేర్చి మోడల్ ఇంకోసారి నడపండి. బీ3 నిలిస్తే మీ వాదనకు బలం. కరిగిపోతే దాన్ని దాచకుండా రాయండి.

దీనితోపాటు, ఒకరిద్దరి జవాబులే బీ3ని మోస్తున్నాయేమో చూడండి. లబ్ధాల్లో అంచున ఉన్న విలువలు ఇంకా దూరం జరుగుతాయి: సగటు నుంచి మూడేసి యూనిట్ల దూరంలో ఉన్న రెండు జవాబుల లబ్ధం తొమ్మిది.

రాసేటప్పుడు

ఏ పద్ధతి, ఎందుకు. జతలు ఎలా కట్టారు. సెంటరింగ్ ఏ రకం. అంచనా పద్ధతి ఏది. లబ్ధం లేని మోడల్ ఫిట్ ఎంత. ఈ ఐదూ ఉంటే చదివేవాళ్ళు మీ పనిని మళ్ళీ చేసి చూడగలరు. బీ3కి పీ విలువ ఒక్కటే కాకుండా కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్ ఇవ్వండి.

బీ3 సార్థకం కానప్పుడు ఆ ఇంటర్వెల్ మరీ ముఖ్యం. -0.05, ఇంటర్వెల్ -0.17 నుంచి 0.07 అని వస్తే, -0.17 కంటే బలమైన రక్షణ ప్రభావానికి ఈ డేటాలో ఆధారం లేదని, చిన్న ప్రభావం మాత్రం ఇంకా సాధ్యమేనని చెప్పినట్టు. ఇంటర్వెల్ -0.45 నుంచి 0.35 దాకా సాగితే ఏమీ తేలలేదని అర్థం. అప్పుడు 'మోడరేషన్ లేదు' అన్న వాక్యం కొట్టేసి, మొదట చెప్పిన సిమ్యులేషన్‌ను ఈసారి మీకు వచ్చిన లోడింగులతో నడిపి, తరవాతి అధ్యయనానికి ఎంతమంది కావాలో ఆ సంఖ్యను రాయండి.